తగినంత ఉప్పు

మొన్న ఒక ఉదయం మా కోడలు ఫోనును పోపుల డబ్బాకు ఆనించి పెట్టుకుని, అందులో ఎవరో ఒకావిడ ఐదు నిమిషాల్లో ఇంట్లోనే చేసుకోదగిన పొద్దుటి పలహారాలు వరసగా చెబుతుంటే వింటూ, ఆమె చెప్పినట్టే బొంబాయి రవ్వ వేయిస్తోంది. నేను హాల్లో కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాను. మన ఈడు వాళ్ళకు తెలియనిదేముంది, కాఫీ వచ్చేదాకా ఏ వార్తా కంటికి ఆనదు. అంతలో ఫోనులో ఆవిడ తీయని గొంతుతో "ఉప్పు రుచికి తగినంత" అంది. ఎంత సులువుగా అనేసిందో! ఆ తగినంతలో తేడా వచ్చే కదా మా ఇంట్లో ఒక పొయ్యి రెండు పొయ్యిలై, రెండు మగ్గాలు ఒక మగ్గమై, మా చిన్నాయన ధర్మవరం వదిలి పెనుకొండ చేరింది. ఇంత పెద్ద కథకు రవ్వ ఉప్మా కారణమంటే నవ్వొస్తుందని నాకు తెలుసు. నాకే వస్తుంది. ఇంట్లో ఎవరు కంటతడి పెట్టినా ఏదో ఒక వంకర మాట అని నవ్వించేయడం నాకు చిన్నప్పటి జబ్బు. వయసుతో మోకాళ్ళు అరిగాయి గానీ అది మాత్రం అరగలేదు.

యాభైలలో ధర్మవరంలో మాది పొడుగాటి ఇల్లు, వెడల్పు అడగకండి. ముందు గదిలో పక్కపక్కనే రెండు గుంత మగ్గాలు, ఒకదానిలో నాయన, ఇంకోదానిలో చిన్నాయన, నడుముదాకా నేలలోకి దిగి కూర్చునేవారు. వీధిలో పోయేవాళ్ళకు కిటికీలోంచి ఇద్దరు సగం మనుషులు పట్టుచీర నేస్తున్నట్టు కనిపించేది. తెల్లవారకముందే పని మొదలయ్యే ఇల్లు కాబట్టి పొద్దున తినేది ఏదైనా చప్పున కావాలి, చప్పున తినాలి, అన్నిటికంటే ముఖ్యంగా చేతికి మరక అంటించకూడదు. పట్టు మీద వేలిముద్ర పడితే ఆ చీర కొనేదెవరు? అందుకని మా ఇంట్లో ఉగ్గాణి తెల్లగా ఉండేది. మరమరాల్నే మేం బొరుగులంటాం, వాటిని నీళ్ళలో ముంచి పిండేసి, ఎర్రగడ్డలూ పచ్చిమిరపకాయలూ వేసిన తిరగవాతలో కలిపి, పప్పుల పొడి చల్లి దించేవారు, పసుపు మాత్రం ముట్టుకునేవారు కాదు. ఊరంతా పచ్చటి ఉగ్గాణి తింటుంటే మేం తెల్లది తినేవాళ్ళం. బయట ఎక్కడైనా పచ్చగా కనిపిస్తే ఆ ఇంట్లో మగ్గం లేదు పాపం అని నేను చాలాకాలం జాలిపడ్డాను కూడా. ఉగ్గాణి లేని రోజు రాత్రి మిగిలిన సంకటి ముద్దను మజ్జిగలో పిసికి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగేయడమే. రెండూ కాకపోతే సద్దన్నంలోకి చెనక్కాయల పచ్చడి, మా వైపు మాటలో ఊరిబిండి. తిన్న తర్వాత నాయన, చిన్నాయన శనగపిండితో చేతులు రుద్దుకుని, వాసన చూసుకుని మరీ గుంతలోకి దిగేవారు.

పొయ్యి మా అవ్వది. ఈ మాట మీద నేను కొంచెం ఆగాలి. తాత నేను పుట్టకముందే పోయాడు, ఇల్లు నాయన పేరు మీద ఉండేది, కానీ పొయ్యి మాత్రం అవ్వదే. మా అమ్మ పెద్ద కోడలై ఇంటికొచ్చి ఇద్దరు బిడ్డల తల్లయ్యాక గానీ తిరగవాత పెట్టే హక్కు సంపాదించలేదు, అదీ అవ్వకు జ్వరమొచ్చిన ఒక వారం పుణ్యమా అని. అలాగని అవ్వ చెడ్డదని కాదు. సాయం అడగడమూ, సాయం చేస్తానని అనడమూ ఆమెకు చేతకాలేదు, అంతే. ఎవరికైనా మంచి చేయాలనుకుంటే కూడా తిట్టినట్టే ఉండేది. ఎండలో వచ్చినవాడికి నీళ్ళిస్తూ, చచ్చేదానికి ఈ ఎండే దొరికిందా అని అడిగేది.

ఆ ఇంటికి చిలమత్తూరు వైపు నుంచి మా చిన్నమ్మ కొత్త కోడలుగా వచ్చింది. సన్నగా, గొంతు అంతకంటే సన్నగా ఉండేది. ఆ వైపు వాళ్ళకు నాలుక మీద తెలుగూ కన్నడమూ ఒకే చాప మీద పడుకుంటాయి. అటుకుల్ని అవలక్కి అనేది, వంకాయను బదనేకాయి అనేది, మేం పిల్లలం నవ్వితే సగం మాట మింగేసేది. క్రమంగా అన్ని మాటలూ మింగేయడం నేర్చుకుంది. మా చిన్నాయనకు మాత్రం ఆమె ఏ భాషలో మాట్లాడినా అర్థమయ్యేది, మాట్లాడకపోయినా అర్థమయ్యేది. కొత్తగా పెళ్ళైన వాళ్ళకు అదొక వరం, కొన్నాళ్ళే ఉంటుందంటారు, వాళ్ళకు చివరిదాకా ఉండింది.

వచ్చిన కొత్తల్లోనే ఒక పొద్దున, వీధిలో పడుగు దారాలు సాగదీసి తెగిన పోగులు అతికే పని పడింది. ఎండెక్కకముందే ముగించాలి కాబట్టి నాయన, చిన్నాయన, అమ్మ, ఇరుగుపొరుగు, అందరూ వీధిలోనే ఉన్నారు. అంతమందికి చప్పున అయ్యేదేదో చేస్తానని చిన్నమ్మ అమ్మ చెవిలో చెప్పి, పుట్టింటివాళ్ళు కట్టిచ్చిన బొంబాయి రవ్వ మూట విప్పింది. మా ఇంట్లో అప్పటిదాకా రవ్వ అంటే జ్వరమొచ్చినవాళ్ళకు గంజిలాగా కాచి పోసేదే. పొయ్యి కాసేపు చిన్నకోడలి చేతిలో ఉండటానికి అవ్వ కూడా అడ్డు చెప్పలేదు, అదే ఒక వింత. కాసేపటికి అందరికీ విస్తరాకుల్లో తెల్లటి ఉప్మా వచ్చింది. ఆవాలు, కరేపాకు, అక్కడక్కడా చెనక్కాయ పలుకు, చూస్తే ఎంత ముద్దుగా ఉందో. మొదటి ముద్దకే పక్కింటి పెద్దాయన లేచి వెళ్ళి తొట్టిలో మూతి ముంచాడు. ఉప్పులో రవ్వ వేసినట్టుంది తప్ప రవ్వలో ఉప్పు వేసినట్టు లేదు. నాయన చెంబుడు నీళ్ళు తాగి, బాగుందని చెప్పడానికి నోరు తెరిచి, ఆ నోటితో ఇంకో చెంబు తాగాడు. చిన్నాయన ఒక్కడే తన విస్తరాకు మొత్తం ఖాళీ చేసి, మడిచి, ఇంకా ఉందా అన్నట్టు చూశాడు. చిన్నమ్మ రుచి చూసుకుని, అలా ఎలా అయిందో అర్థం కాక గోడకు ఆనుకుని ఏడ్చింది. అవ్వ గడప మీద నిలబడి ఎవరినీ చూడకుండా ఒక్క మాట అంది.

"పెట్టమంటే పెట్టినాం. మనదేముండాది."

ఆ మాటకు అర్థమేమిటో ఎవరూ అడగలేదు. అవ్వ మాటలకు అర్థాలు అడిగే అలవాటు ఇంట్లో లేదు. కోపంగా ఉందని తెలిస్తే చాలు, పక్కకు తప్పుకునేవాళ్ళం.

అసలు నాటకం మరుసటి రోజు నుంచి మొదలైంది. చిన్నమ్మ పొయ్యి దగ్గరకు రాగానే అవ్వ ఎక్కడున్నా వచ్చి నిలబడి, "ఉప్పు నేనే పెట్టల్లా ఏం?" అని అడిగేది. అందరమూ దాన్ని ఆ రోజు ఉప్పు ఎక్కువైనందుకు దెప్పిపొడుపనే అనుకున్నాం. చిన్నమ్మ కూడా అలాగే అనుకుంది. ఆ భయంతో ఆమె ఉప్పు తగ్గించింది. మళ్ళీ అదే ప్రశ్న వచ్చేసరికి ఇంకా తగ్గించింది. చివరకు చిటికెడు కూడా మానేసింది. ఇంటిల్లిపాదికీ పొద్దున్నే చప్పిడి ఉగ్గాణి, చప్పిడి చిత్రాన్నం, చప్పిడి రాగిరొట్టె. చిన్నమ్మకు దోసె పెనం మీద ఎంత చేయి తిరిగిందంటే అంచులు జరీలాగా మెరిసేవి, నాలుక మీద పెడితే మాత్రం తడిపిన కాగితం. నాయన మొలలో చిన్న ఉప్పు పొట్లం పెట్టుకుని, అవ్వ అటు తిరిగినప్పుడు ముందు తమ్ముడి పళ్ళెంలో, తర్వాత తన పళ్ళెంలో చల్లేవాడు. దొంగసారా తాగేవాళ్ళు కూడా అంత చాటుగా ఉండరు. అవ్వ మాత్రం ఆ చప్పిడి పలహారాన్ని పక్కకు తోసి, మిగిలిపోయిన సద్దే తినేది. చిన్నమ్మ చేసింది ఆమె ఆ తర్వాత నోట పెట్టలేదు. చిన్నమ్మ కూడా ఆ రవ్వ వంటకం మా ఇంట్లో మళ్ళీ చేయలేదు, దాని పేరైనా ఎత్తలేదు. మేం పిల్లలం దాన్ని ఉప్పురవ్వ అనేవాళ్ళం.

ఇంట్లో పెద్దవాళ్ళ ముఖాల్లో అప్పుడు ఒకటే ప్రశ్న కనిపించేది, పొయ్యి ఒకటిగా నిలుస్తుందా లేదా అని. ఎందుకంటే మా నాయన, చిన్నాయన విడివిడిగా నేసే మనుషులు కారు. అంచు దగ్గర ఒకరికి చేయి అడ్డం పడితే ఇంకొకరు పక్క గుంతలోంచే చెప్పేవారు, చూడకుండానే, అటూ ఇటూ పరిగెత్తే నాడె చప్పుడు విని. పొయ్యి వేరైతే ఆ చప్పుడూ వేరవుతుందని ఇద్దరికీ తెలుసు. అయినా ఒక పొద్దున అవ్వ వసారాలో మూడు రాళ్ళు పెట్టించి, ఎవరి ఉప్పు వాళ్ళే పెట్టుకుంటే మేలని తేల్చేసింది. గుంతలోకి దిగేముందు అన్నదమ్ములు పక్కపక్కనే కూర్చుని రెండు పళ్ళేల్లో రెండు రకాల ఉగ్గాణి తినడం నేను చూశాను. చిన్నాయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని అన్న పళ్ళెం వైపు చూసి తల దించుకున్నాడు. అది చూసి మాత్రం నాకు వంకర మాటేదీ తట్టలేదు.

ఆ ఏడు తిరగకముందే చిన్నమ్మ వాళ్ళ మేనమామ పెనుకొండలో పెట్టిన గుడ్డల కొట్టులో చిన్నాయన పనికి కుదిరాడు. పట్టుచీర నేసే చేతులు గజంబద్ద పట్టుకుని మిల్లుగుడ్డ కొలిచాయి. ఖాళీ గుంత చూడలేక అవ్వే దాన్ని పూడ్పించిందని ఊళ్ళో చెప్పుకున్నారు. అంత లేదు, అందులో కోళ్ళు పడుతున్నాయని పూడ్పించింది. కానీ పూడ్చి అలికిన ఆ చోటనే చాప వేసుకుని మధ్యాహ్నాలు కూర్చోవడం మొదలుపెట్టింది. దానికి కోళ్ళతో సంబంధం లేదు.

అరవైలలో నేను హిందూపురంలో బెల్లం మండీలో గుమాస్తాగా చేరాను. అద్దె గదిలో బత్తీల స్టవ్వు మీద స్వయంపాకం. బొరుగుల ఉగ్గాణి నాకు చేతనైన ఏకైక వంట కాబట్టి రోజూ అదే, కాకపోతే ఆదివారం పసుపు వేసుకునేవాణ్ణి, పండగలాగా. సెలవుకు ధర్మవరం వచ్చి తిరిగి పోయేటప్పుడు రైలు పెనుకొండలో ఆగితే చిన్నమ్మ స్టేషనుకు వచ్చి కిటికీలోంచి టిఫిను గిన్నె అందించేది. మూత తీస్తే వేడివేడి ఉప్పిట్టు. ఉప్మాను వాళ్ళ వైపు అలా అంటారని ఆమె నోటనే నాకు తెలిసింది. ఉప్పు సరిగ్గా ఉండేది. అవ్వ ఎట్లుండాది అని అడిగేది, నేను బాగుండాది అనేవాణ్ణి, రైలు కదిలేది. అంతకంటే చెప్పుకోవడానికి ఆ రైలు అక్కడ ఆగేది కాదు.

అవ్వ కళ్ళకు మసకలు కమ్మితే హిందూపురంలో కంటి డాక్టరుకు చూపించమని నాయన నాతో పంపించాడు. డాక్టరు వచ్చేలోగా ఆకలేస్తుందని స్టేషను దగ్గర చిన్న హోటలుకు తీసుకెళ్ళాను. అవ్వ హోటల్లో కాలు పెట్టడం అదే మొదలు. బల్లమీద మోచేతులు ఆనించకుండా, దాని మీద తనకు నమ్మకం లేనట్టు కూర్చుంది. కుర్రవాడు నీళ్ళ లోటాలు టక్కున పెట్టి, ఏముందని నేనడిగేలోపే ఆమె ముఖంలోకి చూసి, "ఉప్పిట్టు" అన్నాడు.

అవ్వ వాడి వైపు, నా వైపు చూసింది.

"ఎవుర్ని పెట్టమంటాడప్పా వీడు, ఉప్పు?"

"ఎవుర్నీ కాదవ్వా. ఉప్పిట్టంటే తినేది. రవ్వతో జేస్తారే, అది. ఈ పక్కోళ్ళంతా అట్లే అంటారు."

అవ్వ ఒక ప్లేటు తెమ్మంది. తెచ్చి పెడితే తినకుండా, కళ్ళు చికిలించి, దగ్గరకు వంగి చూసింది. ఆవాలు, కరేపాకు, చెనక్కాయ పలుకు. ప్లేటుతోనే మాట్లాడుతున్నట్టు చెప్పింది.

"ఆ పొద్దు అందరూ ఈదిలో ఉంటిరి. ఒగిత్తే అవస్థ పడతాండాదే, కొత్త పిల్ల గదా అని పోయి, ఏం జేయల్ల అని అడిగితి. ఉప్పెట్టు అనె. తల గూడా ఎత్తల్యా. అత్తా అని గూడా అన్ల్యా. సరే, పెట్టమంటే పెడ్తామని పిడికెడు తీసి ఎసట్లో ఏస్తి."

నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. జన్మలో మొదటిసారి అవ్వ ఒకరికి సాయం చేస్తానని వెళ్ళి, ఏం చేయాలి అని అడిగింది. చిన్నమ్మ అది ఏం వంట అనే ప్రశ్న అనుకుని, తల దించుకుని, ఉప్పిట్టు అని వంట పేరు చెప్పింది. ఎసట్లో ఉప్పు చిన్నమ్మ అప్పటికే వేసింది, అవ్వ మళ్ళీ వేయడం చూడలేదు. ఒక మాట రెండు చెవుల్లో రెండు రకాలుగా పడింది. అవ్వకు బాధ ఉప్పు ఎక్కువైనందుకు కాదు, నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల కూలిమనిషికి చెప్పినట్టు తనకు పని పురమాయించిందని. ఆ తర్వాత చిన్నమ్మ భయంతో ఉప్పు మానేస్తే, ఇంకా తన చేతే పెట్టించాలని చూస్తోందని అవ్వ అనుకుంది. నాకు నవ్వొచ్చింది, నిజం. అవ్వ ముఖం చూశాక ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో అవ్వ పెనుకొండలో దిగుదామంది. టికెట్టు ధర్మవరానికి కదా అన్నాను. టికెట్టు పోనీ ధర్మవరానికి, మనం ఈడ దిగుదాం అంది. చిన్నమ్మ వాకిట్లో అత్తను చూసి, చేతిలో చీపురు ఎక్కడ పెట్టాలో తెలియక వీపు వెనక దాచుకుంది. కుశలప్రశ్నలన్నీ నా ద్వారానే నడిచాయి, నేను తపాలా బంట్రోతులాగా అటూ ఇటూ తిరిగాను. చివరకు చిన్నమ్మే ధైర్యం చేసి, పొయ్యి ముందు నిలబడి నేరుగా అడిగింది.

"ఏం జేయల్లత్తా?"

"ఉప్పిట్టు" అంది అవ్వ.

 ఇన్నేళ్ళ తర్వాత కూడా దెప్పడానికే వచ్చిందా అన్నట్టు చిన్నమ్మ నా వైపు చూసింది. కాదని తలూపాను. ఎసరు మరుగుతున్నంత సేపూ అవ్వ గడప మీద, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, ఉప్పు కుండకు ఎంత దూరంగా కూర్చోగలదో అంత దూరంగా కూర్చుంది. ఉప్పిట్టు వచ్చింది. నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాను. భయంలో చిన్నమ్మ ఉప్పు వేయడమే మరిచిపోయింది. అవ్వ మాత్రం ఒక్క మెతుకు వదలకుండా, ఒకప్పుడు వీధిలో చిన్నాయన తిన్నట్టే, మొత్తం తినేసి, బాగుండాది అంది.

కొట్టు కట్టేసి వచ్చిన చిన్నాయనను, ఇంటికి రమ్మని, గుంత మళ్ళీ తవ్విస్తానని అవ్వ అడిగింది. ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నాడు. "మర్సిపోయినాయి లేమ్మా ఇవి" అన్నాడు, కోపం లేకుండా. కోపముంటే బాగుండేది, కోపాన్ని బతిమాలుకోవచ్చు.

అసలు సంగతి అవ్వ అక్కడ చెప్పలేదు. రైల్లో నేనడిగితే, ఎట్ల జెప్పల్లబ్బా, నేనే ఇంగొగసారి వచ్చి నిదానంగా జెప్తా, నువ్వు ముందే నోరు జారొద్దు అని ఒట్టు పెట్టించుకుంది. ఆ ఇంకొకసారి రాలేదు. ఆ చలికాలమే అవ్వను తీసుకుపోయింది. కర్మ అయ్యాక, పూడ్చిన గుంత పక్కన కూర్చుని ఉన్న చిన్నమ్మకు నేనే అంతా చెప్పాను. ఇన్నేళ్ళు అన్యాయంగా మాటలు పడ్డానని ఏడుస్తుందనుకున్నాను. అందుకు తగిన వంకర మాట ఒకటి సిద్ధంగా కూడా పెట్టుకున్నాను. ఆమె ఏడవలేదు. మెల్లగా అడిగింది.

"ఏం జేయల్ల అని అడిగిందా? నాకు సాయానికి వచ్చిందా అత్త?"

అవునన్నాను.

"నాకు తెలీకపాయె" అంది. అప్పుడు ఏడ్చింది. సిద్ధంగా పెట్టుకున్న మాట నా దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు ధర్మవరంలో ఆ ఇంటి ముందు గదిలో మగ్గమే లేదు, కరెంటు మీటరుంది. పసుపు లేని ఉగ్గాణి అంటే మా కోడలు మరిచిపోయి వేయలేదనుకుంటుంది. మొన్న ఆమె చేసిన ఉప్మా చాలా బాగుంది, ఉప్పు సరిగ్గా సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది, వంటింట్లో ఆమె ఒక్కతే, చెప్పేది ఫోను, వినేది ఆమె. రెండోసారి ఉప్పు వేసే చేయి లేదు. ప్లేటు అందుకుంటూ, నేనేమైనా చేయాలా అని అడిగాను. ఆమె స్టవ్వు ఆపకుండానే, మీరు కూర్చోండి మామయ్యా, అయిపోయింది అంది.

కూర్చున్నాను. ఏదో ఒకటి పెట్టమని చెప్పి ఉంటే బాగుండేది.